లీడరు కావాలంటే ఏ పుస్తకం చదవాలన్నా?

ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్ కాడ పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటాంటే ఒక పిల్లోడు వచ్చి పక్కన కూర్చున్యాడు. డిగ్రీ అయిపోయి రెండేండ్లంట. చేతిలో ఫోను, ఫోన్లో ఒక అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ. అన్న అంటే తోడబుట్టిన అన్న కాదులేప్పా, మీకు తెల్సు. ఫ్లెక్సీలో కింద వరసలో, స్టాంపు బిళ్ళంత సైజులో ఈ పిల్లోని మొహం కూడా ఉండాది. దానికి వెయ్యి రూపాయలు చందా ఇచ్చినాడంట.

"అన్నా, నువ్వు శానా పుస్తకాలు చదువుతావంట కదా. లీడరు కావాలంటే ఏ పుస్తకం చదవాల?" అన్యాడు.

నాకు అప్పటికప్పుడు జవాబు రాలేదు. బజ్జీ నములుతా కూర్చున్యా. ఇంటికొచ్చినాక ఆలోచించినా. ఆ పిల్లోనికి, ఆ పిల్లోని లాంటి మీకు, ఇది జవాబు.

ముందు నా సంగతి చెప్తా. పదో తరగతి తప్పినోన్ని. అమ్మతో పాటు గుంటూరు పక్కకు సుగ్గికి పోయి మిరపకాయలు కోసినోన్ని. అట్లాంటి ఒక ఏడాది ఊరికి తిరిగొచ్చినాక ఎవరో యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' ఇచ్చినారు. అట్టలు చిరిగిపోయిన పుస్తకం. మూడు దినాల్లో చదివేసినా. అబద్ధమాడను, ఆ పుస్తకం నాకు మేలు చేసింది. నలుగుర్లో నోరు తెరిసి మాట్లాడేకి భయం పోయింది. ఆ తర్వాత పట్టాభిరాం పుస్తకాలు, డేల్ కార్నెగీ, నెపోలియన్ హిల్, శివ్ ఖేరా, తెలుగులో దొరికినవన్నీ చదివినా. కాబట్టి ఈ పుస్తకాలను చూసి నవ్వే పని నేను చేయను. సదువుకున్న ఇండ్లల్లో పుట్టినోళ్ళకి ఇంట్లోనే దొరికేది మనకు 50 రూపాయల సెకండ్ హ్యాండ్ పుస్తకంలో దొరికింది.

కానీ ఒక విషయం శానా ఏండ్లకు అర్థమైంది. కార్నెగీ పుస్తకం వచ్చింది 1936లో, హిల్‌ది 1937లో. అది అమెరికాలో మహా మాంద్యం నడిచిన కాలం. 1933లో ఆడ పనిచేసే నలుగుర్లో ఒకరికి పనిలేదు. ఆ జనానికి ఈ పుస్తకాలు చెప్పిందేమి? నువ్వు మారు, నవ్వుతా మాట్లాడు, ఎదుటోని పేరు గుర్తు పెట్టుకో, బలంగా కోరుకో. మిల్లు ఎందుకు మూసినారు, బ్యాంకు ఎందుకు మునిగింది అనేది అడగమని చెప్పలేదు. కార్నెగీ అంతకు ముందు చేసిన పని, అమ్మకాలు చేసేటోళ్ళకి, ఆఫీసుల్లో పనిచేసేటోళ్ళకి ఉపన్యాసం నేర్పడం. సరుకు అమ్మేకి పనికొచ్చే విద్య అది. దాన్నే లీడర్‌షిప్ అని మనకు అమ్ముతాండారు. ఈడ మరి సరుకేంది? నువ్వే.

అదే 1936లో మన దేశంలో ఇంకో పుస్తకం వచ్చింది. లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ అనే సంఘం అంబేడ్కర్‌ను సభకు అధ్యక్షునిగా పిలిచి, ఆయన రాసిన ఉపన్యాసం చూసి భయపడి సభనే రద్దు చేసుకునింది. ఆయన ఊరుకోలేదు. సొంతంగా 1,500 కాపీలు అచ్చేయించినాడు. రెండు నెలల్లో అయిపోయినాయి. అదే 'కులనిర్మూలన'. ఆ పుస్తకం నిన్ను మారమని మాత్రమే చెప్పదు, నువ్వు నిలబడిన నేల ఎట్లా చేసినారో చూడమంటాది. రెండూ ఒకే ఏడాది పుస్తకాలే. మన బస్టాండ్ల కాడ ఏది ఎక్కువ దొరుకుతాదో మీరే చూసుకోండి.

మన జిల్లాలో లీడర్లు ఎట్లా అయినారో రవంత చూద్దాం.

ఆ పిల్లోడు కూర్చున్న సర్కిల్‌కు పేరున్న మాచాని సోమప్ప, 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం పెట్టినాడు. 1954లో పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘం అంటే ఏంది? నేతగాడు నూలు కోసం షావుకారి కాడ అప్పు పడకుండా, సంఘమే నూలిచ్చి, బట్ట తీసుకోని, కూలి ఇచ్చేది. రాట్నం కాడ నుంచి మార్కెట్ దాకా లెక్క తెలిసినోడు చేయగల పని అది. ఇంకొకరు పెద్దపాడు దామోదరం సంజీవయ్య. దళిత కుటుంబం, చిన్నప్పుడే నాయన పోయినాడు. మద్రాసులో లా చదివి, 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయినాడు, దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి. వృద్ధాప్య పింఛన్లు ఆయన కాలంలోనే మొదలైనాయి. గాజులదిన్నె ప్రాజెక్టుకు ఈ పొద్దు ఉండేది ఆయన పేరే.

ఇవి చెప్తే పిల్లోళ్ళు "అదంతా పాత కాలమన్నా" అంటారు. సరే, ఈ కాలం చెప్తా. 2019లో ఆదోనిలో, మంత్రాలయంలో, గుంతకల్లులో గెల్సింది ముగ్గురు అన్నదమ్ములు, ఒకే పార్టీ. ఇప్పటి ఎమ్మిగనూరు ఎమ్మెల్యే జయనాగేశ్వర రెడ్డి, మాజీ మంత్రి బీవీ మోహన్ రెడ్డి కొడుకు. నేను వాళ్ళను తిట్టేకి చెప్పడం లేదు, జనమే ఓట్లేసి గెలిపించినారు. అయితే ఏ లీడర్‌షిప్ పుస్తకంలోనైనా "ముందు సరైన ఇంట్లో పుట్టు" అనే అధ్యాయం చూసినారా? లేదు. ఆ అధ్యాయం చింపేసిన పుస్తకాన్నే మనకు అమ్ముతాండారు. అట్లని దారి పూర్తిగా మూసిపోయిందనీ కాదు. కర్నూలు ఎంపీ బస్తిపాటి నాగరాజు ఎంపీటీసీ కాడ నుంచి 2024లో పార్లమెంటుకు పోయినాడు. నూటికి ఒకరు. ఆ ఒక్కరిని చూపించి 99 మందితో ఫ్లెక్సీలు కట్టించుకుంటారు.

ఇంక ఇంటర్నెట్ సంగతి.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినాక మన పల్లెల్లో రాజకీయం అరుగు మీద నుంచి ఫోన్లోకి పోయింది. 2019 ఎన్నికలకు వైఎస్సార్‌సీపీకి ప్రశాంత్ కిషోర్ ఐప్యాక్ పనిచేసింది, 151 సీట్లొచ్చినాయి. అందరూ సోషల్ మీడియానే గెలిపించింది అన్యారు. 2024లో అదే పార్టీకి ఫోన్లు తగ్గలేదు, గ్రూపులు తగ్గలేదు, 11 సీట్లకు దిగింది. ఆ 11లో రెండు మన పక్కనే, మంత్రాలయం, ఆలూరు. ఆదోని, ఎమ్మిగనూరు పోయినాయి. రీల్సే ఓట్లు తెచ్చేదయితే రోడ్డుకు ఇటుపక్క ఒక లెక్క, అటుపక్క ఒక లెక్క ఎందుకొస్తాది?

శివం శంకర్ సింగ్ అనే ఆయన పార్టీల ప్రచారం లోపల పనిచేసి బయటికొచ్చి 2019లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసినాడు, భారత ఎన్నిక గెలవడం ఎట్లా అని. పార్టీలు ఓటరు జాబితాలు, కులాల లెక్కలు, వాట్సాప్ గ్రూపులు ఎట్లా వాడుకుంటాయో దాంట్లో ఉండాది. చదివినాక నాకు తోచిందేమంటే, ఆ మిషన్లో మనం డ్రైవర్లం కాదు, డీజిలు.

నమ్మకపోతే వాలంటీర్లను గుర్తు చేసుకోండి. 2019లో ఊరూరా, 50 ఇండ్లకు ఒకరు, నెలకు 5,000. జీతం అనలేదు, గౌరవ వేతనం అన్యారు. సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని శాలువాలు కప్పినారు. మన పక్క ఆడపిల్లలు శానామంది ఇల్లు దాటి చేసిన మొదటి పని అది. ఎవరి ఇంట్లో ముసలామె మంచం పట్టింది, ఎవరి వేలిముద్ర పడదు, ఎవరు సుగ్గికి పోయి పిల్లోళ్ళను అవ్వ కాడ వదిలినారు, ఇదంతా వాళ్ళకి తెల్సు. ఎమ్మెల్యేకు తెల్దు, ఎంపీడీఓకు తెల్దు. నిజమైన లీడర్‌షిప్ ట్రైనింగ్ అదే. కానీ వాళ్ళని పార్టీ ఫోన్ లాగా వాడుకున్యారు. 2024 మార్చి ఆఖర్లో ఎన్నికల సంఘం పింఛన్ల పంపిణీ నుంచి పక్కన పెట్టింది. ఉగాది పొద్దు ఇంకో పక్కోళ్ళు పదివేలు ఇస్తామన్యారు. ఎన్నికలైనాయి. ఐదువేలూ లేదు, పదివేలూ లేదు. ఆ పని పోయినాక వాళ్ళకు తెలిసిన ఆ 50 ఇండ్ల లెక్క ఎవరికీ అక్కరకు రాలేదు. 2025 జనవరి 30న మనమిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు ఇచ్చే ఏర్పాటు చేసినారు. మంచిదే. కానీ వేలిముద్ర పడని అవ్వ వాట్సాప్‌లో ఎవరిని అడగాల?

దీనికంటే నాకు భయమేసేది కేసులు. ప్రభుత్వం మారినప్పుడల్లా సోషల్ మీడియా పిల్లోళ్ళ మీద కేసులు పడతాండాయి. ఆ ప్రభుత్వంలో ఈ పక్కోళ్ళ మీద, ఈ ప్రభుత్వంలో ఆ పక్కోళ్ళ మీద. పోస్టు తయారు చేసినోడు యాడో ఏసీ రూములో ఉంటాడు. ఫార్వర్డ్ చేసి, కింద నాలుగు బూతులు సొంతంగా కలిపినోడు మన ఊర్లో ఉంటాడు. స్టేషన్‌కు పోయేది వీడే. 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది కదా అనుకోవద్దండి, 2024 జులై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వేరే సెక్షన్లు ఉండాయి. కేసు పడినాక కానిస్టేబుల్ ఉద్యోగానికో, రైల్వేకో పోతే ఫారంలో "మీ మీద కేసులున్నాయా" అని అడుగుతారు. రాయకుండా దాస్తే ఉద్యోగమే తీసేయొచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద శానా వివరంగా చెప్పింది, చిన్న కేసయితే ఆఫీసర్లు చూసీ చూడనట్లు పోవచ్చు కూడా అనింది. పోవచ్చు అనింది, పోవాల అనలేదు. నాకు తెలిసిన ఒక పిల్లోడు ఒక కామెంటుకు రెండేండ్లుగా వాయిదాలకు తిరుగుతాండాడు. వాయిదా పొద్దు కూలి పోతాది, బస్సు చార్జీ పోతాది. ఎవరి కోసం రాసినాడో ఆ అన్న ఇప్పుడు పార్టీ మారినాడు. వీడు గ్రూపులో నుంచి ఎగ్జిట్ అయినాడు, కేసులో నుంచి కాలేకపోయినాడు.

మరి ఇంటర్నెట్ వద్దా అంటారు. వద్దనేకి నేనెవరు, మీరు దీన్ని చదువుతాండేది కూడా ఫోన్లోనే. టర్కీలో పుట్టిన జైనెప్ తుఫెక్చి అనే ఆమె 2017లో ఒక పుస్తకం రాసింది. ఈజిప్టులో, టర్కీలో ఫోన్ల తోనే లక్షల మంది రోడ్డు మీదికొచ్చినారు, సంతోషం, కానీ ఆ జనాన్ని పోగు చేసేకి పాతోళ్ళు నెలల తరబడి తిరిగిన తిరుగుడు వీళ్ళు తిరగలేదు, అందుకే కష్టం వచ్చినప్పుడు నిలబడే బలం తయారు కాలేదు అంటాది. నాకు మన ఆదోని జిల్లా డిమాండ్ గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. మన పక్క జిల్లా కావాలని స్టేటస్ పెట్టినోళ్ళు ఎందరో. ఆఫీసు పని మీద మన పల్లెలోళ్ళు కర్నూలుకు ఎన్ని తూర్లు పోతాండారు, ఎంత ఖర్చయితాంది అని కాగితం మీద లెక్క రాసినోళ్ళు ఎందరు? ఆ లెక్కే ఆయుధం. స్టేటస్ 24 గంటలకు పోతాది.

ఇప్పుడు ఫోనుతో చేయగల లీడరు పని ఒకటి చెప్తా. 2025 సీజన్లో పత్తి అమ్మాలంటే సీసీఐ కపాస్ కిసాన్ యాప్ పెట్టింది. యాప్‌లో పేరు ఎక్కించి, స్లాట్ తీసుకుంటేనే కొంటారు. ఆ సీజన్లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110 ఉండేది. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే కొనరు. ఆధార్‌కు ఏ నంబరు కట్టినారో తెలియని రైతు, ఈ-క్రాప్‌లో పేరు లేని కౌలుదారు, వీళ్ళు ఏం చేయాల? ఆదోని యార్డులో వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చి ఇంటికి పోవాల. ఊర్లో ఒక డిగ్రీ పిల్లోడు పదిమంది రైతులను అరుగు మీద కూర్చోబెట్టి, ఈ-క్రాప్ సరిచేయించి, స్లాట్లు బుక్ చేసి, పత్తి రెండు పొద్దులు ఎండబెట్టుకోండి అని చెప్తే, క్వింటాలుకు పడే ఆ తేడా ఎంతో ఆ పదిండ్లకు తెలుస్తాది. ఆ పిల్లోనికి ఫ్లెక్సీ అక్కర్లేదు.

ఇంకా పుస్తకమే కావాలంటే, పంచాయతీరాజ్ చట్టం 1994 తీసి చదవండి. 21 ఏండ్లకే సర్పంచుకు నిలబడొచ్చు అని మనోళ్ళకు శానామందికి తెల్దు, ఎమ్మెల్యేకు 25 కావాల. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే దినం గ్రామసభలు పెట్టినారు. మీలో ఎంతమంది పోయినారు? ఆ పొద్దు నేను పోయిన ఊర్లో యువకులు ఐదుమంది వచ్చినారు, నలుగురు ఫోటో తీసుకోని పోయినారు. సమాచార హక్కు చట్టం, 2005ది, చిన్నది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు అర్జీ పెడితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. పదేండ్ల కింద ఒక ఊర్లో ఉపాధి పని మస్టర్లు అడిగితే, చచ్చిపోయిన ముసలాయన గుంతలు తవ్వినట్లు రాసి ఉండాది. ఆ ఒక్క కాగితం చూపించినాక ఆ ఊర్లో నన్ను కూర్చోమని కుర్చీ వేసినారు. అంతకు ముందు ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా వేయలేదు.

పోయిన ఆదివారం ఆ ఉగ్గాని పిల్లోడు ఫోన్ చేసినాడు. వాళ్ళ ఊరి నీళ్ళ ట్యాంకుకు ఎన్ని తూర్లు రిపేరు బిల్లు పెట్టినారో కనుక్కోవాలంట. "అన్నా, అర్జీలో 'గౌరవనీయులైన' అని రాయాల్నా? ఎందుకు అడుగుతాండానో కారణం చెప్పాల్నా?"

"కారణం అక్కర్లేదప్పా. పేరు, ఊరు, ఏ కాగితం కావాల్నో రాయి. ఇంకో కాపీ మీద సీలు వేయించుకో. ఆ తేదీ కాడ నుంచి 30 దినాలు లెక్కబెట్టు" అన్యా.

"31వ దినం?"

"31వ దినం నాకు మళ్ళా ఫోన్ చేయి" అన్యా.