చివరివాని నడక



పాఠక సోదర సోదరీమణులారా! కొన్నాళ్ళ క్రితం ఒకనాటి ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆలూరులోని మా గదిలో కూర్చున్న వేళ పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. బాల్యంలో మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొని, అటుపై ఇంజనీరింగు చదివి, ఇప్పుడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. మనకు తెల్లవారుతుంటే అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రమే.

"హజ్రత్! ఇక్కడ ఈ ఏటి మొదటి మంచు బాగా పేరుకుంది. ఆదివారం నలుగురు మిత్రులం స్కీలు తొడుక్కొని అడవిదారిన బయలుదేరుతున్నాము. నన్ను అమీరుగా ఎన్నుకున్నారు. తమరిని రెండు సంగతులు అడగాలి" అన్నాడు.

నడివేసవిలో నలభై డిగ్రీల ఎండ కాసే సీమలో పుట్టిన మాకు స్కీలంటే ఏమిటో తెలియదు. అతడే వివరించాడు. మనిషి ఎత్తును మించిన పొడవు, ఇరుకైన వెడల్పు గల రెండు పలకలవి. బూటు ముందుకొన మాత్రమే పలకకు బిగుస్తుంది. మడమ స్వేచ్ఛగా లేస్తుంది. చేతులలోని రెండు కర్రలు ఊనుతూ మంచుమీద జారుతూ సాగిపోవాలి. ఎత్తైన కొండమీద నుండి వేగంగా జారే ఆట వేరు. ఇది చదును నేలలపై, చిన్న మిట్టలపై సాగే సుదీర్ఘమైన నడక.

అతని మొదటి ప్రశ్న వజూను గురించినది. డిసెంబరు మాసంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. నాలుగున్నర గంటల వ్యవధిలోనే జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ వేళలు వరుసగా వచ్చిపడతాయి. ఆ గడ్డకట్టే చలిలో ప్రతిసారీ పాదాలు కడగడం ఎలా?

దీనికి ధర్మశాస్త్రం చూపిన వెసులుబాటు సుపరిచితమే. ఇంటి వద్ద పాదాలు కడిగి వజూ పూర్తి చేసుకొని, చీలమండలు కప్పే తోలు మేజోళ్ళు తొడుక్కోవాలి. వాటిపైన బూట్లు వేసుకోవచ్చు. తరువాత వజూ చేయవలసి వచ్చినపుడు బూట్లు విప్పి, తడి వేళ్ళతో ఆ మేజోళ్ళ పైభాగాన్ని కాలివేళ్ళ వైపు నుండి పిక్క వైపు తుడిస్తే చాలు. దీనినే మసహ్ అంటారు. స్థానికునికి ఒక పగలు, ఒక రేయి. ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రేయిలు గడువు. మేజోళ్ళు తొడిగిన తరువాత మొదటిసారి వజూ భంగమైన క్షణం నుండి ఈ గడువును లెక్కించాలి. నీరు ఇంకిపోయే పలుచని నూలు మేజోళ్ళపై మసహ్ చెల్లదు. అతడు వెళ్ళే చోటు ఇంటికి ఇరవై మైళ్ళే కనుక అతడు స్థానికుని లెక్కలోకే వస్తాడని చెప్పాము.

ఇక రెండవ ప్రశ్న. "హజ్రత్! మా ముగ్గురికి ఈ నడక అలవాటే. నాలుగవ మిత్రుడు మొన్ననే హైదరాబాదు నుండి వచ్చాడు. మంచుమీద కాలుపెట్టి ఎరుగడు. అతని కోసం ఆగితే మేము అనుకున్న దూరం పోలేము. మేము ముందు సాగి, అతడు తన వీలునుబట్టి వెనుక వస్తే సరిపోతుందా?"

మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. పన్నెండేళ్ళ నాటి ఒక ఉదయం కళ్ళముందు నిలిచింది. ఆనాడు అతనికి చెప్పిన సంగతినే ఈనాడు మీకూ విన్నవిస్తున్నాము.

వేసవి పొడవునా ఊరు కదలక, మృగశిర కార్తెలో తొలి వానలు కురిసి నేల చల్లబడిన తరువాత, దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఆదోనికి వెళ్ళి కోటకొండ ఎక్కడం మా మిత్రబృందానికి ఆనవాయితీ. ఆ ఏడు అయిదుగురం బయలుదేరాము. సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదులో ఫజ్ర్ చేసుకొని కొండదారి పట్టాము. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా నియమించుకోవాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశాన్ని అనుసరించి, మిత్రులు ఆ బాధ్యతను మాకు అప్పగించారు. అల్పాహారం పైన అందరం కలిసి తినాలని నిర్ణయించి, రొట్టెలు, ఖర్జూరాలు, నీళ్ళు ఉన్న సంచిని మా భుజానికే తగిలించుకున్నాము.

మాలో ఒకరు దర్జీ. రోజంతా మిషను ముందు కూర్చునే మనిషి, పైగా మధుమేహం. ఆయన నాలుగు రాళ్ళు ఎక్కి ఒకమారు నిలబడేవారు. "మీరు నడవండి భాయ్, నేను వస్తాను" అన్నారు. ఆ మాటనే అనుమతిగా తీసుకొని మేము ముందుకు సాగిపోయాము. వయసు నలభై దాటినా మాలో ఊపు తగ్గలేదని యువకులకు చూపాలన్న ఉబలాటం మా మనసులో ఉండినదని ఒప్పుకోవాలి. ఎత్తు ఎక్కేవేళ తక్బీర్ పలకడం సున్నతు. మా నాలుక "అల్లాహు అక్బర్" అంటూనే ఉంది. లోపల మాత్రం మేమే పెద్దవారమై కూర్చున్నాము.

పైకి చేరి అర్ధగంట వేచినా ఆయన రాలేదు. వెనక్కు దిగి చూస్తే, ఒక బండ నీడన ఒరిగి ఉన్నారు. ఒళ్ళంతా చల్లని చెమట, చేతులలో వణుకు, మాటలో తడబాటు. ఉదయం చక్కెరవ్యాధి మాత్ర వేసుకున్నారు. అందరితో కలిసి తినవచ్చునని ఏమీ తినలేదు. తినవలసిన ఆహారం మా భుజాన కొండ ఎక్కిపోయింది! ఖర్జూరాలు నలిపి నోటిలో పెట్టాము. కొంతసేపటికి తేరుకున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. మరి కాస్త ఆలస్యమై, ఆయన మింగలేని స్థితికి చేరి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆయన ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. "మీ ఆనందం చెడగొట్టాను" అన్నారు. ఆ మాట మమ్మల్ని ఏ నిందకన్నా ఎక్కువగా కాల్చింది.

ఆ రాత్రి మేము గ్రంథం తెరిచి, విద్యార్థులకు ఎన్నోమార్లు బోధించిన ఒక హదీసును మొదటిసారి చదువుతున్నట్లుగా చదివాము. అబూదావూద్ సంకలనంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించినది. దైవప్రవక్త (స) ప్రయాణాలలో బృందానికి వెనుక ఉండేవారట. బలహీనులను ముందుకు సాగించేవారట, నడవలేని వారిని తమ వెనుక వాహనంపై ఎక్కించుకొని, వారి కోసం దుఆ చేసేవారట. ఈ జాబిర్ (రజి) గారి ఒంటె ఒక ప్రయాణంలో అలసి వెనుకబడిపోగా, ఆయనను పలకరించి ఆ ఒంటెను నడిపించినదీ ఆ కారుణ్యమూర్తియే. దానిని ఆయన వద్ద కొని, మదీనా చేరిన తరువాత వెలతోపాటు ఒంటెను కూడా ఆయనకే ఇచ్చివేశారు.

నమాజులోనూ ఇదే నియమం. హజ్రత్ ఉస్మాన్ బిన్ అబుల్ ఆస్ (రజి)ను ఇమాముగా నియమించినపుడు, జమాత్‌లో అందరికన్నా బలహీనుని దృష్టిలో ఉంచుకొని నడిపించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మస్జిదులో ఇమాము పాటించవలసిన దానిని దారిలో అమీరు విస్మరించవచ్చునా?

ఇదంతా విని మా శిష్యుడు, "అర్థమైంది హజ్రత్" అని మాత్రం అన్నాడు.

మరుసటి వారం మళ్ళీ ఫోను చేశాడు. కొత్త మంచులో ముందు నడిచేవానికే శ్రమ ఎక్కువట. అతడు దిగబడుతూ బాట తీస్తే వెనుకవారు ఆ జాడలో సులువుగా జారతారట. అలవాటున్న ఇద్దరు మిత్రులు వంతులవారీగా బాట తీశారు. కొత్తవానిని మధ్యలో ఉంచి, అమీరు అందరికన్నా చివర నడిచాడు. ప్రతివాని జేబులోనూ ఖర్జూరాలు ఉన్నాయి. అనుకున్న దూరంలో సగమే వెళ్ళగలిగారు. అయితే అస్ర్ నమాజు నలుగురూ ఒకే వరుసలో మంచుపై పరచిన చాపలమీద చేశారు.

అతడే మరొక విశేషం చెప్పాడు. 1206లో నార్వే దేశపు అంతర్యుద్ధంలో శత్రువుల బారి నుండి రెండేళ్ళ రాకుమారుని కాపాడేందుకు ఇద్దరు యోధులు స్కీలపై అతనిని మోసుకొని కొండలు దాటారట. దాని స్మృతిగా ఆ దేశంలో 1932 నుండి జరిగే పందెంలో ప్రతివాడూ ఆ బిడ్డకు గుర్తుగా మూడున్నర కిలోల బరువును వీపున మోస్తాడట. పందెంలో కూడా బలహీనుని భారం మరువరాదని ఆ జాతి గుర్తుంచుకున్నదన్నమాట.

సోదరులారా! కొండలు, మంచు అందరికీ తటస్థపడవు. బజారు దారి మాత్రం అందరిదీ. బిడ్డను చంకనెత్తుకున్న ఇల్లాలు వెనుక, చేతులూపుకుంటూ భర్త పది అడుగులు ముందు; ఈ దృశ్యం మన వీధులలో కొత్తది కాదు. హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన ప్రవక్త (స) అనుచరులం మనం. మోకాళ్ళ నొప్పుల తల్లిని, పాఠంలో వెనుకబడిన బిడ్డను, కొత్తగా ఇంటికి వచ్చిన కోడలిని ఒకసారి వెనుదిరిగి చూద్దాము.

మా దర్జీ మిత్రుడు ఇప్పటికీ తొలి వానల తరువాత మాతో ఆదోనికి వస్తారు. సంచి ఇప్పుడు ఆయన వద్ద ఉంటుంది. మేము ఆయన వెనుక నడుస్తాము.

మనలో ఎవ్వరినీ దారిలో ఒంటరిగా మిగల్చని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.