వేసవి సంచికకు ముందుమాట

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ ప్రజలు గుట్టల వాలున కందకములు త్రవ్వి, పారిపోవు వాననీటిని నేలలో నింకించిరి. ప్రతి బొట్టును లెక్కించిన ఆ జాగరూకతయే విద్యుత్తు విషయమున మన కళాశాలలకు నేడు అత్యావశ్యకమని నమ్మి ఈ సంచికను వెలువరించుచున్నాము.

విద్యార్థి యొక్కడును లేని తరగతిగదిలో పంకాలన్నియు తిరుగుచుండుటయు, ఏసీ నడుచుచున్న ప్రయోగశాల తలుపు బార్లా తెరచియుండుటయు మే మాసమున ఏ ప్రాంగణమునకు వెళ్లినను కానవచ్చును. ఆ విద్యుత్తులో అధికభాగము రామగుండము, కొత్తగూడెము వంటి చోట్ల బొగ్గు మండించగా వచ్చినదేనని మనకు స్ఫురింపకపోవుట విచారకరము.

1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనములో మందమైన రాతిగోడలును ఎత్తైన కప్పులును ఎండను చాలవరకు వెలుపలనే నిలుపును. నేటి కాంక్రీటు భవనములను అట్లు మార్చజాలము. కాని మిద్దెపై తెల్లసున్నము పూయవచ్చును, పడమటి కిటికీలకు తడకలు కట్టవచ్చును. సాధారణ పంకా సుమారు 75 వాట్లు కోరగా, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) పంకాకు 30 వాట్లు చాలును. స్టార్ గుర్తుగల గది ఏసీలు ఆరంభమున 24 డిగ్రీల వద్దనే నిలువవలెనని 2020 నుండి నియమమున్నది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులును. అయినను రిమోటు చేతికందగనే 18కి దించుట మన అలవాటైనది.

వసతిగృహముల బోరు మోటార్ల మాట మరువరాదు. నీరు లోతునకు దిగినకొలది మోటారు అధికముగ శ్రమించును. కావున ప్రాంగణమున ఇంకుడుగుంతలు త్రవ్వించు పనిని ప్రధానాచార్యులు తొలకరికి ముందే, ఈ సెలవులలోనే, చేపట్టవలెనని మా విన్నపము.