అరగంట ఎవరి ఖాతాలోది?

చలికాలపు దిగులుకి బల్లమీద దీపం పెట్టుకోవడమన్న మాట ఎత్తగానే మన సభల్లో ఒక నవ్వు వినిపిస్తుంది. నవ్వేది మగ మేధావులైతే నేనింత శ్రమపడి రాయను. నవ్వేది మనవాళ్ళే. సామాజిక కారణాలున్న స్త్రీల దుఃఖాన్ని మళ్ళీ డాక్టర్ల చేతిలో పెడుతున్నారనీ, ఒక తెల్లటి వెలుగు పలకని అమ్మి అసలు ప్రశ్నని దాటేస్తున్నారనీ వాళ్ళ ఆక్షేపణ. వినడానికి పదునుగానే ఉంటుంది. కానీ నెలసరి గురించి, కాన్పు గురించి, గర్భసంచి గురించి రాయడానికి మనం ఎంత పోరాడాం! అదే శరీరానికి కళ్ళు కూడా ఉన్నాయనీ, వాటికి వెలుతురు అందకపోతే కొందరికి మనసు కుంగుతుందనీ అంటే మాత్రం ఎందుకింత అనుమానం?

ఇది దీపాల కంపెనీలు పుట్టించిన జబ్బు కాదు. బాగా ప్రకాశవంతమైన వెలుతురు రాత్రిపూట మనుషుల్లో మెలటోనిన్ స్రావాన్ని అణిచేస్తుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం చూపించింది. ఇళ్ళల్లో వేసుకునే మామూలు లైట్లు అందుకు చాలలేదు. హెర్బర్ట్ కెర్న్ అనే ఇంజనీరు తన మనసు ఏ నెలలో కుంగుతోందో, ఏ నెలలో లేస్తోందో ఏళ్ళ తరబడి నోటుపుస్తకాల్లో రాసుకుని పరిశోధకుల దగ్గరికి పట్టుకెళ్ళాడు. 1984లో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు ఈ రుగ్మతకి పేరుపెట్టి వ్యాసం ప్రచురించారు. మగవాడి నోటుపుస్తకాలు కాబట్టి తిరగేశారు, అదే ఒక ఇల్లాలు రాసుకుని ఉంటే పాత కాగితాలవాడికి పోయేవి అనిపిస్తుంది నాకు. తమాషా ఏమిటంటే, ఈ నిర్ధారణ పొందేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

మిన్నియాపోలిస్‌లో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు 9 గంటలు కూడా ఉండదు. అదే రోజు హైదరాబాదులో 11 గంటలుంటుంది. పెళ్ళయి అక్కడికి వెళ్ళిన మన పిల్ల నవంబరు వచ్చేసరికి పక్క దిగలేకపోతే, ఎంత నిద్రపోయినా తీరకపోతే, అస్తమానం అన్నం మీదకీ తీపి మీదకీ మనసు పోతే, ఇక్కడినుంచి అమ్మ ఫోనులో ఏమంటుంది? "బెంగ పెట్టుకున్నావే తల్లీ" అంటుంది. అత్తగారు "ఊసుపోక" అంటుంది. ఒక బిడ్డని కంటే అన్నీ సర్దుకుంటాయని ఇద్దరూ కలిసి అంటారు. మన అలంకారశాస్త్రం నేర్పిన చదువూ ఇంతే. నాయిక కుంగిందంటే నాయకుడు దగ్గర లేడని అర్థం. విరహోత్కంఠిత అని పేరుపెట్టి చేతులు దులుపుకుంది. నాయకుడు పక్కగదిలోనే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నా నాయిక కుంగవచ్చునని ఆ శాస్త్రానికి తోచలేదు. బెంగ నిజంగా మంచి మాట, నాకూ ఇష్టమే. అయితే ఊరిమీద బెంగకి క్యాలెండరు తెలియదు. ఏటా నవంబరులో వచ్చి ఏప్రిల్లో వెళ్ళిపోయేది బెంగ ఒక్కటే కాదు.

హెచ్-4 వీసా మీద వెళ్ళినవాళ్ళకి చాలాకాలం ఉద్యోగం చేసే హక్కే లేదు. 2015లో కొందరికి దొరికింది, అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశకి చేరితేనే. కాబట్టి గోడలు కట్టింది వీసా, చీకటి తెచ్చింది అక్షాంశం. రెండూ నిజమే. మొదటిది మన సిద్ధాంతానికి అనుకూలమని రెండోదాన్ని కొట్టిపారేస్తే ఆ గదిలో ఉన్న మనిషికి ఒరిగేదేమిటి?

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా గిల్మన్‌ని తెస్తారు. 1892లో వచ్చిన "ది ఎల్లో వాల్‌పేపర్"ని, వీర్ మిచెల్ విశ్రాంతి చికిత్సని గుర్తుచేస్తారు. ఆ కథ నేను పాఠం చెప్పిన కథే. పోలిక కుదరదు. మిచెల్ ఆమెని పడుకోబెట్టాడు, జన్మలో కలం ముట్టవద్దన్నాడు. ఈ దీపం లేపి కూర్చోబెడుతుంది. దాని ముందు చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. మాట మీద నమ్మమనీ ఎవరూ అడగడం లేదు. 2006లో కెనడాలో 96 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అసలు దీపం, ఉత్తుత్తి మాత్ర. రెండో జట్టుకి వెలుగు చాలని దీపం, ఫ్లుయాక్సెటిన్ మాత్ర. ఎనిమిది వారాల తర్వాత రెండు జట్లలోనూ 67 శాతం మందికి గుణం కనిపించింది. కంటి జబ్బులున్నవాళ్ళు, బైపోలార్ ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా దీనిజోలికి పోకూడదు. ఇది విటమిన్ డి దీపమూ కాదు, అతినీలలోహిత కిరణాలని ఇందులో వడకడతారు.

నా పేచీ దీపంతో కాదు, దాని మోతాదుతో. 10,000 లక్స్, 30 నిమిషాలు, నిద్ర లేచిన కాసేపటికే, రోజూ. పలక మొహానికి మూరెడు దూరంలో ఉండాలి. దూరం జరిగేకొద్దీ వెలుగు గబగబా తగ్గిపోతుంది కాబట్టి దీపం వంటింటి మూలన పెట్టి స్టవ్ దగ్గర దోసెలు పోసుకుంటూ ఉంటే లాభం లేదు. అంటే పొద్దున్నే, ఇంటిల్లిపాదికీ ఆమె కావలసిన ఆ వేళలోనే, ఆమె అరగంట కదలకుండా కూర్చోవాలి. ఈ చీటీ రాసినవాళ్ళ కళ్ళముందు ఉన్న రోగి ఎవరో గాని, ఆ రోగికి పిల్లల టిఫిన్ డబ్బాలు లేవు. నాకు తెలిసిన ఒకామెకి భర్త ప్రేమగానే దీపం కొన్నాడు. పెట్టింది మాత్రం తన బల్లమీద. ఆ ఇంట్లో ఉన్న బల్ల అదొక్కటే. ఆ చలికాలమంతా ఆయన మహా ఉత్సాహంగా ఉన్నాడట.

కెల్లీ రోహన్ 2016లో ప్రచురించిన ఫలితాలు కూడా చూడాలి. 177 మందిలో దీపమూ, ఈ దిగులుకోసమే మలిచిన మాటల చికిత్సా మొదటి చలికాలం సమానంగా పనిచేశాయి. రెండో చలికాలానికి దీపం జట్టులో 45.6 శాతం మందికి దిగులు తిరగబెట్టింది, మాటల చికిత్స జట్టులో 27.3 శాతానికే. ఆ చికిత్సలో నేర్చుకున్నది మనిషితో ఉండిపోతుంది. దీపం ముందు ఏటా మళ్ళీ కూర్చోవాలి, కూర్చోనివ్వాలి. అక్టోబరు చివరినుంచి మార్చి చివరిదాకా 150 రోజులనుకున్నా 75 గంటలు. పెట్టె కొనిచ్చినవాణ్ణి, చీటీ రాసినవాళ్ళని, సభలో నవ్వినవాళ్ళని కూడా నేనడిగేది ఈ 75 గంటలూ ఆ ఇంట్లో డబ్బాలు ఎవరు కడతారని.