పరధ్యానం కాదు, అదీ ఫిట్సే


క్లాసులో పిల్లాడు పది సెకన్లు చూపు నిలబెట్టి ఆగిపోతే మనం పరధ్యానం అని తిడతాం. అది ఆబ్సెన్స్ ఎపిలెప్సీ కావచ్చు. కింద పడరు, నురగ రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

మెదడులో థాలమస్‌కీ కార్టెక్స్‌కీ మధ్య నడిచే లయ తప్పితే ఇది వస్తుంది. అక్కడి గాబా-బి రిసెప్టర్లను అడ్డుకుంటే ఎలుకల్లో ఈ ఫిట్స్ తగ్గాయి. అన్ని ఫిట్స్‌కీ ఒకే మందు పనికిరాదు: కార్బమజెపైన్ దీన్ని పెంచొచ్చు. 2010 నాటి అమెరికా పరిశోధనలో ఎథోసక్సిమైడ్ మేలని తేలింది.

కొత్త మందులు రావాల్సిందే. కానీ మా మాట ఒకటే: ఆశ్రమ పాఠశాలల్లో టీచర్లకు, వార్డెన్లకు, ఏఎన్ఎంలకు దీన్ని గుర్తుపట్టడం నేర్పాలి. అలాంటి పిల్లల్ని కొట్టకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. ఈ డిమాండ్ మనమే పెట్టాలి.