కుర్రాణ్ణి మార్చెయ్యండి!

క్రికెట్ తప్ప ఇంకో ఆట చూడనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒహైయో వచ్చిన కొత్తల్లో సోమవారం పొద్దున్నే ఆఫీసులో అందరి మొహాలూ ఎందుకలా మాడిపోయి ఉంటాయో అర్థమయ్యేది కాదు. వారాంతంలో రిలీజేదన్నా తన్నిందేమో అనుకునేవాణ్ణి. ఆదివారం బ్రౌన్స్ ఓడిపోయారని తర్వాత తెలిసింది. దాదాపు ప్రతి ఆదివారం ఓడిపోతారని ఇంకొన్నాళ్ళకి తెలిసింది :)

మా టీములో డేటాబేస్ చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన పుణ్యమా అని ఈ జబ్బు నాకూ అంటుకుంది. వాళ్ళింటి బేస్‌మెంట్‌లో కూర్చుని, రూల్సు సగం తెలిసీ సగం తెలీకుండానే, "కుర్రాణ్ణి మార్చెయ్యండి!" అని టీవీ మీదకి అరవడం నేర్చుకున్నాను. ఆ అరుపు గురించే ఈ టపా.

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి మన జట్టు దగ్గరున్నప్పుడు దాదాపు ప్రతి ఎత్తూ క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోంచే మొదలవుతుంది. అతని ముందు అయిదుగురు భారీ మనుషులు గోడ కట్టినట్టు నిలబడతారు. ఆ గోడ రెండు మూడు సెకన్లు ఆగుతుంది. ఆ లోపల మనవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి బంతి విసిరెయ్యాలి. గోడ కూలిందా, ఎదుటివాళ్ళు మీదపడి అతన్ని నేలకేసి కొడతారు. దాన్నే శాక్ అంటారు. టీవీలో మనకి కనిపించేది మాత్రం కిందపడ్డవాడే. గోడ ఎక్కడ కూలిందో రీప్లే చూస్తే గానీ తెలీదు. ఆ టైముకి మనం ఫ్రిజ్ దగ్గర ఉంటాం.

రెండోది డ్రాఫ్ట్. సీజన్లో అందరికంటే అడుగున ఉన్న జట్టుకి, వచ్చే ఏడాది కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళలో మొదటివాణ్ణి ఎంచుకునే హక్కు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో కదా! ఇప్పుడు అదే కుర్రాడి వైపు నుంచి చూడండి. దేశం మొత్తమ్మీద బాగా ఆడినందుకు అతనికి దక్కే బహుమానం ఏంటయ్యా అంటే, లీగ్ మొత్తమ్మీద చెత్త జట్టు. క్యాంపస్ టాపర్ని తీసుకెళ్ళి, సీనియర్లందరూ పారిపోయిన మెయింటెనెన్స్ ప్రాజెక్టులో పడేసినట్టు.

బ్రౌన్స్ కథ తెలిస్తే ఈ క్లీవ్‌లాండ్ వాళ్ళ మీద ఎవరికైనా జాలేస్తుంది. 1995లో ఓనర్ ఆర్ట్ మోడెల్ జట్టుని బాల్టిమోర్ పట్టుకుపోతున్నానని ప్రకటించాడు. మూడు సీజన్లు ఊరికి జట్టే లేదు. పోయిన జట్టు రేవెన్స్ అని పేరు మార్చుకుని, 2000 సీజన్లో సూపర్ బౌల్ కొట్టేసింది. (2012లో డెక్కన్ చార్జర్స్ మూతపడినప్పుడు నేనూ బాధపడ్డాను గానీ, వాళ్ళు కనీసం పక్క ఊరెళ్ళి మన కళ్ళముందు కప్పు కొట్టలేదు.) 1999లో అదే పేరుతో, అదే రంగులతో కొత్త బ్రౌన్స్ వచ్చారు. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక వాళ్ళదే. టిమ్ కౌచ్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. మిగతా జట్టంతా అక్కడా ఇక్కడా ఏరుకొచ్చిన సరుకు. ఆ ఒక్క ఏడాదిలో కౌచ్ 56 సార్లు శాక్ అయ్యాడు. 2002లో సొంత మైదానంలో సొంత అభిమానులే బూ అని అరిస్తే, ఆట తర్వాత విలేకరుల ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. 2004లో బ్రౌన్స్ అతన్ని వదిలేశారు. మళ్ళీ ఇంకో రెగ్యులర్ సీజన్ మ్యాచ్ ఆడలేదు.

అదే 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ అనే కొత్త జట్టు కూడా మొదటి ఎంపికతో డేవిడ్ కార్ అనే కుర్రాణ్ణి తీసుకుంది. ఒక్క సీజన్లో 76 శాక్‌లు. లీగ్ రికార్డు అది. 16 ఆటల్లో 76 సార్లు! బంతి పట్టుకున్న ప్రతిసారీ ఎవడో ఒకడు వచ్చి గుద్దుతాడని ఖాయంగా తెలిస్తే మీరేం చేస్తారు? దూరంగా చూడడం మానేసి, దగ్గరికొచ్చేవాడినే చూస్తారు. ఒకసారి ఆ అలవాటు పట్టుకుంటే వదలడం కష్టం. ప్రొడక్షన్లో రెండుసార్లు దెబ్బతిన్నవాడు ఒక్క లైను మార్చడానికి కూడా ఎలా వణుకుతాడో మీకు నేను చెప్పాలా?

క్లీవ్‌లాండ్‌లో ఒక జెర్సీ బాగా ఫేమస్. కౌచ్ పేరున్న జెర్సీ కొన్న ఒక అభిమాని, క్వార్టర్‌బ్యాక్ మారినప్పుడల్లా పాత పేరు కింద కొత్త పేరు టేపు మీద రాసి అంటించాడు. దాన్ని ఒక షాపు కిటికీలో వేలాడదీశారు. పేర్లు అలా కిందికి దిగుతూనే పోయాయి. 1999 నుంచి 2025 సీజన్ వరకూ లెక్కేస్తే బ్రౌన్స్ తరఫున మ్యాచ్ మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాకులు 40 మంది దాటారు. నలభైమందీ చేతకానివాళ్ళేనా? అలా జరగడానికి ఎంత దురదృష్టం కావాలో మీరే ఆలోచించండి.

సరే, అసలు కథ బేకర్ మేఫీల్డ్‌ది. 2016లో బ్రౌన్స్ 1-15. 2017లో 0-16, ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో వేలమంది అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. మా పెద్దాయన కూడా వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు గానీ, గెలిస్తే ఊరేగింపేమో, ఓడితే ఊరేగింపేంటి అని దుప్పటి తియ్యలేదు నేను. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక మేఫీల్డ్. సెప్టెంబర్లో జెట్స్ మీద 14-0తో వెనకబడి ఉండగా దిగి, 21-17తో గెలిపించాడు. 635 రోజుల తర్వాత మొదటి గెలుపు. ఊళ్ళో బార్లలో తాళాలేసి ఉంచిన బీరు ఫ్రిజ్‌లు ఆ రాత్రే తెరుచుకున్నాయి. పెద్దాయన నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నాకూ కళ్ళు చెమర్చాయంటే నమ్ముతారా?

మేఫీల్డ్ మొదటి మూడు సీజన్లలో నలుగురు హెడ్ కోచ్‌లని చూశాడు, మధ్యలో తాత్కాలికంగా వచ్చినాయనతో కలిపి. హ్యూ జాక్సన్, గ్రెగ్ విలియమ్స్, ఫ్రెడ్డీ కిచెన్స్, కెవిన్ స్టెఫాన్‌స్కీ. కోచ్ మారితే ఏముందిలే అనుకోకండి. ఎత్తులు మారతాయి, వాటి పేర్లు మారతాయి, ఎవడు ఎటు పరిగెడతాడో మొత్తం మళ్ళీ బట్టీ పట్టాలి. మూడేళ్ళలో నలుగురు మేనేజర్లు, వచ్చిన ప్రతివాడూ ఫ్రేమ్‌వర్క్ మార్చేస్తే మన పరిస్థితి ఏంటో ఊహించుకోండి. అయినా 2020 సీజన్లో 11-5. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్ వెళ్ళి స్టీలర్స్‌ని ప్లేఆఫ్స్‌లో 48-37తో కొట్టాడు. తర్వాతి సీజన్ రెండో ఆటలోనే ఎడమ భుజం దెబ్బతింది. దాంతోనే ఆడుతూ పోయాడు. ఆట చెడింది. నవంబర్లో డెట్రాయిట్ మీద గెలిచిన రోజు కూడా సొంత జనం బూ అన్నారు. ఆ రోజు బేస్‌మెంట్‌లో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. "కుర్రాణ్ణి మార్చెయ్యండి!"

మార్చేశారు. 2022లో డెషాన్ వాట్సన్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ ఎంపికలు ఇచ్చేశారు. పైగా 23 కోట్ల డాలర్లు, ఆడినా ఆడకపోయినా మొత్తం గ్యారంటీ. అప్పటికే 20 మందికి పైగా మహిళలు అతని మీద లైంగిక వేధింపుల దావాలు వేసి ఉన్నారు. అతను ఒప్పుకోలేదు, లీగ్ మాత్రం 11 ఆటల నిషేధం వేసింది. వచ్చాక ఆటా లేదు. 2024 అక్టోబర్లో మడమ నరం తెగి అతను నేలమీద పడి ఉంటే స్టేడియంలో కొంతమంది చప్పట్లు కొట్టారు. అతని మీద నాకు ఏ కోశానా అభిమానం లేదు. అయినా ఆ చప్పట్లు టీవీలో వినిపించినప్పుడు మా బేస్‌మెంట్‌లో ఎవరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

మరి మేఫీల్డ్? కరొలైనా తీసుకుని అదే ఏడాది వదిలేసింది. లాస్ ఏంజెలెస్ రామ్స్ పిలిస్తే వెళ్ళి, దిగిన రెండు రోజులకే 98 గజాలు నడిపించి మ్యాచ్ గెలిపించాడు. 2023లో టాంపా బేకి వెళ్ళాడు. ఆ ఏడాదీ, 2024లోనూ డివిజన్ గెలిచారు. 2024లో 41 టచ్‌డౌన్ పాస్‌లు. శామ్ డార్నాల్డ్‌ది కూడా దగ్గర దగ్గర ఇదే దారి. 2018లో న్యూయార్క్ జెట్స్ మూడో ఎంపిక, పనికిరాడని 2021లో పంపించేశారు. 2024లో మిన్నెసోటాలో అతని జట్టు 14-3. మనిషి అదే, చెయ్యి అదే. చుట్టూ ఉన్నవాళ్ళు మారారు.

ఇక్కడ మీరు అడ్డుపడతారని తెలుసు. ప్రతి కుర్రాడూ మేఫీల్డ్ కాదుగా అని. నిజమే. 2014లో బ్రౌన్స్ తీసుకున్న జానీ మాంజెల్‌ని ఏ జట్టు బాగుచేసేదో నాకైతే తెలీదు, వాడి శ్రద్ధ వేరే చోట ఉండేది. ఇంకో వాదన, కుర్రాణ్ణి ఏడాది రెండేళ్ళు బెంచి మీద కూర్చోపెట్టి నేర్పించాలని. ఆరన్ రాడ్జర్స్ మూడేళ్ళు కూర్చున్నాడు, పాట్రిక్ మహోమ్స్ దాదాపు ఏడాది కూర్చున్నాడు. కానీ పేటన్ మానింగ్ 1998లో మొదటి రోజు నుంచీ ఆడాడు. 28 సార్లు బంతి ఎదుటివాళ్ళ చేతికిచ్చాడు, జట్టు 3-13. ఆ మరుసటి ఏడాది 13-3. కాబట్టి కూర్చోపెట్టడమా దింపడమా అన్నది పెద్ద ప్రశ్న కాదు. మానింగ్‌ని ఆ 28 తప్పుల తర్వాత ఎవరూ మార్చలేదు. నా మటుకు నాకు అసలు సంగతి అదే.

ఇదంతా ఇంత ఆవేశంగా ఎందుకు రాస్తున్నానంటే, చాలా ఏళ్ళ కిందట నేనూ ఒక కుర్రాణ్ణి మార్చేశాను. నేను ఇక్కడ ఆన్‌సైట్ లీడ్‌ని. హైదరాబాద్ టీములో నెలాఖరు బిల్లింగ్ బ్యాచ్ చూసే సీనియర్ పేపర్లు పెట్టి వెళ్ళిపోయాడు. డాక్యుమెంటేషన్ లేదు. వచ్చిన ఫ్రెషర్‌కి నాలుగు రోజుల కేటీ ఇప్పించి దింపేశాం. వరసగా మూడు నెలలు జాబ్ అబెండ్ అయింది. అర్ధరాత్రి కాల్స్‌లో కుర్రాడి గొంతు వణికేది. క్లయింట్ అరిస్తే నేను ఇతని మీద అరిచేవాణ్ణి. అప్రైజల్‌లో బెల్ కర్వ్ అడుగున ఎవరో ఒకరు ఉండాలి కదా, ఇతని పేరు రాశాను. "ఒత్తిడి తట్టుకోలేడు" అని కామెంటు కూడా పెట్టాను. ఆ మాటే పదేపదే గుర్తొస్తుంది నాకు. కొన్నాళ్ళకి మానేశాడు. అతని తర్వాత ఆ సీట్లో ఇంకో ముగ్గురు మారారు. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

మొన్నామధ్య కొలంబస్‌లో ఉగాది కార్యక్రమంలో భోజనాల లైన్లో నిలబడితే, "అన్నా, గుర్తుపట్టారా?" అని పలకరించాడు. పక్కన భార్య, చంకలో పాప. ఇప్పుడు వేరే కంపెనీలో పెద్ద పేమెంట్స్ సిస్టమ్‌కి ఆర్కిటెక్ట్. నేను సారీ చెప్పబోయాను. నవ్వేసి, "అదేం లేదన్నా. అప్పుడు ఆ కోడ్ రాసినాయన ఫోన్ నంబరొక్కటి ఇప్పించి ఉంటే సరిపోయేది," అన్నాడు. ఆ నంబర్ నా దగ్గర ఉంది. అతను అడగలేదు, నాకు తట్టలేదు.

2025లో బ్రౌన్స్ ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు కుర్ర క్వార్టర్‌బ్యాకుల్ని తీసుకున్నారు. మూడో రౌండ్లో డిల్లన్ గాబ్రియేల్, అయిదో రౌండ్లో షడూర్ శాండర్స్. సీజన్ మొదలుపెట్టింది మాత్రం నలభయ్యేళ్ళ జో ఫ్లాకో. తర్వాత గాబ్రియేల్, ఆ తర్వాత శాండర్స్. ఇతను బాగా ఆడితే అతని అభిమానులకి మంట, అతను ఆడితే వీళ్ళకి మంట. ఆఖరికి 5-12. 2026 జనవరిలో కోచ్ స్టెఫాన్‌స్కీని తీసేశారు. అంటే ఇద్దరు కుర్రాళ్ళూ మళ్ళీ మొదటి నుంచి బట్టీ పట్టాలన్నమాట.

ఆ వార్త వచ్చిన రోజు పెద్దాయన ఫోన్ చేశాడు. రిటైరయ్యాడు గానీ ఇది మాత్రం మానలేదు. ఈసారి డ్రాఫ్ట్‌లో ఎవర్ని తీసుకోవాలంటావ్ అన్నాడు. నేను ఎంతో జ్ఞానం వచ్చినవాడిలా, "క్వార్టర్‌బ్యాక్ వద్దు. ముందు గోడ కట్టమనండి, లైన్‌మన్‌ని తీసుకోమనండి," అన్నాను.

"2007లో తీసుకున్నాం కదా," అన్నాడాయన. జో థామస్ గురించి. ప్రతి ఆదివారం ఆయన వేసుకునే 73 నంబరు జెర్సీ ఆ థామస్‌దే. వరసగా 10,363 ఎత్తులు, ఒక్కటి కూడా వదలకుండా గోడలో నిలబడ్డాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆ పదకొండేళ్ళలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు.

ఏం చెప్పాలో తోచలేదు. సెప్టెంబర్లో ఎవరింట్లో చూద్దాం అని అడిగాను.