కోన ఒక్కటే చూస్తే చాలదు

సెలవులొస్తే చాలు, మద్రాసు తెలుగువాళ్లు కైలాసకోనకో, నగరి కొండల వైపుకో బయల్దేరతారు. జలపాతం కింద తల తడుపుకొని, 'ప్రకృతి అంటే ఇదీ' అని మురిసిపోతారు. వెళ్లాల్సిందే, మేమూ వెళ్తాం. అయితే ప్రశాంతత అక్కడే ఉందంటే మాత్రం ఎన్నూరువాళ్లం ఒప్పుకోం.

చిత్తూరు కొండల నుంచి వచ్చే నగరి ఏరు పూండి దగ్గర కొసస్థలైయారులో కలుస్తుంది. మన నోట అదే కుశస్థలి. పూండి నిండి గేట్లెత్తితే ఆ వరద మణలి పక్కగా వచ్చి మా ఎన్నూరు క్రీకులోనే సముద్రాన్ని చేరుతుంది. అంటే నగరి ఏటి కొండనీటికి చివరి మజిలీ మా ఊరే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో పాటు ఈ క్రీకులోకి నూనె తెట్టు వచ్చింది. జాలర్లు మగ్గులతో, బకెట్లతో తోడారు. తెల్లని గూడబాతులు నల్లబడ్డాయి. బూడిద బెడద అంతకు ముందు నుంచీ ఉన్నదే.

తల దగ్గర దణ్ణం పెట్టి కాళ్ల దగ్గర మురికి పోస్తే అది సామరస్యం ఎలా అవుతుంది? పిల్లల్ని ఒకరోజు కోనకి తీసుకెళ్తే, ఇంకోరోజు ఇక్కడికీ తీసుకురండి. మడచెట్లు, వలలు, బూడిద అన్నీ చూపించండి. ఏరంతా మనదేనని అప్పుడే వాళ్లకి తెలుస్తుంది.