పిడికిలియు నిగ్రహమును

కొరియా దేశపు సాము విద్యయైన తైక్వాండో నేడు మన దేశమున పెక్కు పాఠశాలలలో ప్రవేశించినది. శాంతిని బోధించు మిషను పాఠశాలకు పిడికిలి బిగించుటతో పనియేమి యని కొందరు పెద్దలు సంశయింతురు. ఈ సంశయము తోసివేయదగినది కాదు. దీనికి సమాధానము ఆ విద్య పేరులోనే కలదని మా తలంపు. ‘తై’ యనగా పాదముతో తన్నుట. ‘క్వాన్’ అనగా పిడికిలితో గుద్దుట. ‘డో’ అనగా మార్గము. మొదటి రెండును సంతలోని కలహమునందును కాననగును. మూడవది చేరిననే అది విద్య యగును.

ఈ నామము ప్రాచీనము కాదు. 1910 మొదలు 1945 వరకు కొరియా జపానువారి యేలుబడిలో నుండెను. విముక్తి పిమ్మట, జపానులో కరాటే నేర్చివచ్చిన కొరియనులు తెరచిన సాముశాలలలో ఈ విద్య రూపొందెను. 1955లో దీనికి తైక్వాండో యను పేరు కుదిరెను. అయినను దాని పెద్దలు తమ ఆదర్శమును ప్రాచీన సిల్లా రాజ్యపు హ్వరాంగు యువకులయందు వెదకుకొనిరి. పితృభక్తి, మిత్రులయెడ నమ్మకము, విచక్షణ లేక ప్రాణము తీయకుండుట ఆ యువకుల యైదు నియమములలోనివి.

జనరల్ చోయ్ హాంగ్ హీ తన శిష్యులకు మర్యాద, సిగ్గెరిగిన నడవడి, ఓర్పు, ఆత్మనిగ్రహము, చలింపని ధైర్యము అను నైదు గుణములను విధించెను. కొట్టుటను గూర్చినది వీనిలో నొక్కటియు లేదు. నాల్గవదానికి కొరియనులు వాడు మాటకు ‘తన్ను తాను గెలుచుట’ యని యర్థము. అభ్యాసమునందును ఈ భావమే గోచరించును. ఎదుటివానికి తలవంచి గాని మొదలిడరు. తలవంచి గాని ముగింపరు. జంట సాధనలో పిడికిలిని ప్రత్యర్థి దేహమును తాకకుండ నిలుపవలయును. గట్టిగా గుద్దుట మొరటువానికిని సాధ్యమే. పోవుచున్న చేతిని నిలుపుటకే ఏండ్ల సాధన కావలయును.

మనకిది వింత కాదు. మన తాలింఖానాలలో కర్రసాము నేర్చువారు గురువునకు మ్రొక్కియే కర్ర పట్టుచుండిరి. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడుగారు (1882–1942) కండబలముతోపాటు ప్రాణాయామమును సాధించిరి.

మాకు భయము కలిగించునది వేరొకటి. 1988లో సియోలు ఒలింపిక్ క్రీడలలో ప్రదర్శనగా చేరి, 2000లో సిడ్నీయందు పతకముల పోటీయైన పిమ్మట, పాయింట్ల లెక్కయే పెక్కుమందికి ప్రధానమైనది. తెల్లబెల్టు మొదలు నల్లబెల్టు వరకు గల మెట్లను తలిదండ్రులు పరీక్ష మార్కులవలె లెక్కించుచున్నారు. రుసుము చెల్లించి రంగు మార్చుకొనిన బాలుడు ఆటస్థలమున తనకంటె చిన్నవానిని కొట్టినచో, వాని నడుమునకు చుట్టినది వట్టి గుడ్డపేలికయే.

కావున మా అభిప్రాయమిది. ఖానాపురం హవేలి బాలురకును, భద్రాచలపు అడవి యంచు పల్లెల బిడ్డలకును ఈ విద్య నేర్పవలసినదే. బాలికలకు మరింత శ్రద్ధతో నేర్పవలసినదే. అయితే బెల్టు నిచ్చుటకు ముందు ఉపాధ్యాయుడు ఆ విద్యార్థి నడవడిని గూర్చి తోడివారిని, ఇంటి పెద్దలను విచారింపవలయును. కలహమునుండి తప్పుకొని వచ్చినవానిని పిరికివాడని నవ్వక మెచ్చుకొనవలయును.

కొట్టలేక యూరకుండుట వేరు. కొట్టగలిగియు చేయి నిలుపుకొనుట వేరు. కొండమీది ప్రసంగమును చదువుకొను బిడ్డలకు ఈ భేదము తెలియవలయును. దానిని నేర్పునంతకాలము తైక్వాండో మన ప్రార్థనామందిరపు నీడను సాగుటకు అభ్యంతరము లేదు.